గుర్తుపెట్టుకునే పని మెనూదే

అమ్మాయీ,

మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి కీబోర్డుతో నడిచే కమాండ్ మెనూ చేసే పని నీకు అప్పజెప్పారని విని సంతోషించాను. "పెదనాన్నా, కంట్రోల్ కె పెట్టనా, కంట్రోల్ షిఫ్ట్ పి పెట్టనా?" అని అడిగావు. చెబుతాను. కానీ అది చివర తేలాల్సిన సంగతి. ఈ మెనూ ఎవరి కోసం, వాళ్ల మీదున్న ఏ బరువు దించడానికి అన్నది ముందు నీ మనసులో స్థిరపడాలి. అది స్థిరపడితే మీట, పెట్టె, వరుస, పేర్లు అన్నీ దాని వెంటే వస్తాయి.

నా దృష్టిలో ఆ బరువు జ్ఞాపకం. ఏ పని ఏ మెనూలో దాగి ఉందో, దాన్ని మీ కంపెనీ ఏ పేరుతో పిలిచిందో, ఏ మీటలు కలిపి నొక్కాలో, ఇవన్నీ ఇవాళ వాడేవాళ్లే బుర్రలో మోస్తున్నారు. ఆ మోత వాళ్ల నెత్తి మీంచి దించి సాఫ్ట్‌వేర్ నెత్తికెత్తడమే కమాండ్ మెనూ చేయాల్సిన పని. వేగం దాని వెనకాలే వస్తుంది. వేగమొక్కటే లక్ష్యంగా కట్టిన మెనూ కట్టినవాళ్లకే పనికొస్తుంది, కొట్లో కూర్చున్న గుమస్తాకి కాదు.

ఈ విద్యకి నీ వయసుకన్నా పెద్ద చరిత్ర ఉంది. దాన్ని కాస్త తెలుసుకుంటే నీ చేతిలో ఉన్న పని విలువ తెలుస్తుంది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తెచ్చిన విసికాల్క్‌లో స్లాష్ మీట నొక్కితే తెరపై వరుసలో ఒంటి అక్షరాలు వచ్చేవి. బి అంటే ఏమిటో, ఎస్ అంటే ఏమిటో వాడేవాళ్లకే తెలిసి ఉండాలి. 1983లో లోటస్ 1-2-3 వచ్చింది. అందులోనూ స్లాష్ మీటే, కానీ అక్షరాల బదులు నిండు మాటలు కనిపించాయి. ఒక మాట మీదికి బాణం మీటతో వెళితే, ఆ మాట వెనక ఏముందో కింది వరుసలో కనిపించేది. కొత్తవాడు బాణం మీటలతో చదువుకుంటూ వెళ్లేవాడు. అలవాటైనవాడు అదే దారిలో మొదటి అక్షరాలు టకటకా కొట్టేవాడు: స్లాష్, ఎఫ్, ఎస్ అంటే ఫైలు సేవ్ అయిపోయినట్టే. కొత్తవాడికో దారి, పాతవాడికో దారి అని వేరుచేయలేదు. చదువుతూ నడిచిన దారే నాలుగు రోజులకు వేళ్లకు అలవాటైపోయేది. ఇంతకన్నా మంచి పాఠం ఈ రంగంలో నాకు కనిపించలేదు.

ఆ అలవాటు ఎంత విలువైనదంటే, దాని మీద కోర్టు వ్యాజ్యమే నడిచింది. బోర్లాండ్ కంపెనీ తన క్వాట్రో ప్రోలో లోటస్ మెనూ వరుసనే వాడుకునే వీలు కల్పించింది. వినియోగదారులు నేర్చుకున్నది, రాసిపెట్టుకున్న మాక్రోలు వృథా కాకుండా ఉండాలన్నది దాని ఉద్దేశం. యాభైకి పైగా మెనూలలో అమర్చిన 469 ఆదేశాల ఆ వరుస మా సొత్తని లోటస్ దావా వేసింది. 1995లో అమెరికా అప్పీలు కోర్టు అది ఒక పనిచేసే పద్ధతి మాత్రమేనని, దానికి కాపీరైట్ వర్తించదని తీర్పు చెప్పింది. 1996లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు నలుగురుగా చీలిపోవడంతో ఆ తీర్పే నిలిచింది. ఎక్సెల్‌లో ఇవాళ్టికీ స్లాష్ మీట నొక్కితే మెనూ మీటలు మేల్కొంటాయి, పాత లోటస్ వేళ్ల కోసం. అందుకని మొదటి హితవు ఇదే తల్లీ: ఒకసారి జనం వేళ్లకు నేర్పిన దారిని నీ కొత్త డిజైన్ ముచ్చట కోసం మార్చకు. ఆ దారి కట్టింది నువ్వే అయినా, నడిచి అలవాటుపడ్డాక అది వాళ్లదవుతుంది.

అమెరికా సంగతి అలా ఉంచు. మన ఊళ్లలో కీబోర్డు మెనూ అంటే ట్యాలీ. 1986లో గోయెంకా తండ్రీకొడుకులు మొదలుపెట్టిన ఆ సంస్థ సాఫ్ట్‌వేర్ నేర్చుకోని కామర్స్ విద్యార్థి మన జిల్లాల్లో అరుదు. ఎఫ్5 పేమెంటు, ఎఫ్6 రిసీటు, ఎఫ్7 జర్నలు, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్ అని కళ్లు మూసుకుని చెప్పే గుమస్తాలు గుంటూరు మిర్చి కొట్లలోనూ ఉన్నారు, వరంగల్ బట్టల దుకాణాల్లోనూ ఉన్నారు. మెనూలో ప్రతి పేరులోనూ ఒక అక్షరాన్ని వేరుగా చూపించి, అది నొక్కితే చాలనడం దాని పద్ధతి. అందులోనే ఒక చిక్కు కూడా ఉంది. ప్రతి పేరుకీ వేరే అక్షరం కావాలంటే మొదటి అక్షరాలు చాలవు. డే బుక్‌కి డి దొరకదు, చివరనున్న కె వాడాలి. ఇలాంటివి పదో ఇరవయ్యో అయితే వేళ్లు మోస్తాయి. వందలైతే మోయలేవు.

2020 నవంబరులో వచ్చిన ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్ జి నొక్కితే గో టు అనే పెట్టె తెరుచుకునే ఏర్పాటు చేశారు. కావాల్సిన రిపోర్టు పేరులో నాలుగక్షరాలు కొడితే అది ఎన్ని మెనూల లోతున ఉన్నా పైకొస్తుంది. చేస్తున్న వోచర్ అలాగే ఉంటుంది. చూడాల్సింది చూసి మూసేస్తే ఆగిన చోటికే తిరిగొస్తాం. ఆ పెట్టె ఉందన్న సంగతి తెర పైవరుసలో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. పాత ఎఫ్ మీటలు చాలావరకు అలాగే ఉన్నాయి. నీ పనికి ఇందులో మూడు నమూనాలున్నాయి: కనిపించే తలుపు, చేస్తున్న పని చెడకుండా వెళ్లి రావడం, పాత అలవాటును గౌరవించడం.

ఇక ప్రోగ్రామర్ల ప్రపంచంలో దీని పుట్టిల్లు ఈమ్యాక్స్. 1976లో ఎంఐటీలో పుట్టిన ఆ ఎడిటర్‌లో మెటా ఎక్స్ నొక్కి ఏ ఆదేశాన్నైనా పేరుతో పిలవవచ్చు. గ్నూ ఈమ్యాక్స్‌లో నాకు బాగా నచ్చే మర్యాద ఒకటుంది. పేరు కొట్టి పని చేయించుకున్నాక, ఈ పనికి ఫలానా మీటల షార్ట్‌కట్ ఉందని అడుగున ఒక చిన్న వాక్యం చూపిస్తుంది. పని ఆపదు, పాఠం చెబుతున్నానని గోల చేయదు. 2011లో సబ్‌లైమ్ టెక్స్ట్ 2 కమాండ్ ప్యాలెట్ అనే పేరుతో ఈ పద్ధతిని కొత్త తరానికి తెచ్చింది. 2015 నుంచి విఎస్ కోడ్ దాన్ని ఇంటింటికీ చేర్చింది. ఈ రెంటిలోనూ షార్ట్‌కట్ ఉన్న ప్రతి ఆదేశానికి కుడివైపున అది రాసి ఉంటుంది. రోజూ కంటపడుతూ ఉంటే ఎవరూ బట్టీ పట్టక్కర్లేదు, ఒకనాటికి వేలే దానంతటది వెళుతుంది. నీ మెనూలోనూ ఆ కుడివైపు చోటును ఖాళీగా వదలకు.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున శాప్ ఉంది. అమీర్‌పేటలో శిక్షణ పొందిన మన పిల్లలు విఎ01 అంటే సేల్స్ ఆర్డరు, ఎంఇ21ఎన్ అంటే పర్చేజ్ ఆర్డరు అని వల్లె వేసి ప్రపంచమంతా వెళ్లి పనిచేస్తున్నారు. కోడు తెలిసినవాడికి, దాన్ని కొట్టే పెట్టె మహా వేగం. తెలియనివాడికి అది గోడ. కోడు ఊహిస్తే తట్టేది కాదు, ఎవరో చెప్పాల్సిందే. నువ్వు కట్టే పెట్టెలో ఏమీ తెలియనివాడు తనకు తోచిన మాట కొట్టినా ఎక్కడో ఒకచోటికి చేరాలి.

అలాగని కనిపించే మెనూలను తీసేయకు. 2012లో ఉబుంటు వాళ్లు హెచ్‌యూడీ అనే వెతుకు పెట్టె తెచ్చి, ముందుముందు మెనూల స్థానంలో ఇదే ఉంటుందని ప్రకటించారు. ఆలోచన గొప్పదే. కానీ వెతుకు పెట్టె ఏం అడగాలో తెలిసినవాడికే జవాబిస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్‌తో అసలు ఏమేం చేయవచ్చో తెలియనివాడికి జాబితా కళ్లముందుండాలి. మెనూలు పోలేదు, ఆ పెట్టే కాలక్రమంలో ఉబుంటు డెస్క్‌టాప్ యూనిటీతో పాటు పక్కకు వెళ్లింది. అంతకు ముందు 2007లో ఆపిల్ తన మ్యాక్ హెల్ప్ మెనూలో చేసిన పని చూడు: పేరు వెతికితే, ఆ ఆదేశం ఏ మెనూలో ఉందో ఆ మెనూనే తెరిచి బాణం గుర్తుతో చూపిస్తుంది. పని అవుతుంది, దారీ తెలుస్తుంది. వీలైతే నువ్వూ ప్రతి ఫలితం కింద చిన్న అక్షరాల్లో దాని చిరునామా రాయి: "రిపోర్టులు, స్టాకు, వయసువారీ" అని.

ఇప్పుడు వేగం సంగతి. మౌస్ కన్నా కీబోర్డు ఎప్పుడూ వేగమేనని ఎవరైనా అంటే గుడ్డిగా నమ్మకు. 1980లో కార్డ్, మోరన్, న్యూవెల్ అనే పరిశోధకులు చేతిపనికి పట్టే కాలాన్ని లెక్కగట్టి ఒక పద్ధతి ప్రచురించారు. దాని ప్రకారం సగటు నైపుణ్యమున్న టైపిస్టుకి ఒక మీటకు సుమారు 0.2 సెకన్లు పడుతుంది. చెయ్యి కీబోర్డు నుంచి మౌస్ మీదికి మారడానికి 0.4, తెరపై గురి చూసి బాణాన్ని చేర్చడానికి 1.1. మరి తర్వాత ఏం చేయాలని మనసు సిద్ధపడడానికి? 1.35 సెకన్లు. అన్నిటికన్నా పెద్దది అదే. నాలుగక్షరాలూ ఎంటరూ కొట్టడానికి ఒక సెకను చాలు. కానీ కొట్టే ముందు "దీన్ని వీళ్లు ఏమన్నారబ్బా" అని ఒక్కసారి ఆగితే ఆ లాభమంతా కరిగిపోతుంది. కనుక నువ్వు తగ్గించాల్సింది మీటల సంఖ్య కన్నా ముందు ఆ తడబాటును. పెట్టె మాత్రం అక్షరం పడీపడగానే స్పందించాలి. 0.1 సెకను లోపల జవాబు వస్తేనే వెంటనే జరిగినట్టు మనిషికి అనిపిస్తుందని జాకబ్ నీల్సన్ 1993లో చెప్పిన కొలత ఇప్పటికీ చెల్లుతుంది. ఆదేశాల జాబితాను సర్వరుని అడిగి తెప్పించకు, ముందే దగ్గర పెట్టుకో.

ఆ తడబాటు తగ్గేది పేర్లతో. ఒకే పనిని ఒకరు బిల్లు అంటారు, ఒకరు ఇన్వాయిస్ అంటారు, ఇంకొకరు చీటీ అంటారు. వచ్చిన సరుకు వెనక్కి పంపడాన్ని మీ ఇంజినీర్లు ఏ పేరుతో పిలిచినా, కొట్లో దాన్ని "రిటర్న్" అనే అంటారు. తెరపై ఒక పేరే చూపించు, కానీ దాని వెనక మారుపేర్లు ఎన్నైనా దాచు. ఎవరు ఏ పేరుతో పిలిచినా ఆ పని పలకాలి. ఆ మారుపేర్లు ఎక్కడ దొరుకుతాయంటావా? జనం కొట్టి ఫలితం రాక వదిలేసిన మాటల్లో. వారానికోసారి ఆ జాబితా తీసి చదువు. అందులో మీ మీద ఫిర్యాదు ఉంటుంది, దానికి మందూ ఉంటుంది. కాకపోతే ఆ పెట్టెలో జనం ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు కూడా కొడతారు. వాటిని దాచిపెట్టే హక్కు మనకు లేదు. వాటిని తీసేశాకే మిగిలింది భద్రపరచాలి.

కొట్టిన అక్షరాలు పేరులో అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నా చాలునని ఫలితాలు చూపే పద్ధతి ప్రోగ్రామర్లకు బాగుంటుంది, ఫైళ్ల పేర్లు వాళ్లకు కంఠస్థం కనుక. గుమస్తాకు అలాంటి ఫలితాలు అర్థంలేనివిగా కనిపిస్తాయి. మాట మొదట్లో కలిసినవాటిని ముందు పెట్టు, మధ్యలో కలిసినవాటిని తర్వాత పెట్టు, చెల్లాచెదురుగా కలిసినవాటిని ఇంకేమీ దొరకనప్పుడే చూపించు. ఇప్పుడు కుదరని ఆదేశాన్ని మాయం చేయకు. మసకగా చూపించి కారణం చెప్పు: "బిల్లు సేవ్ కాలేదు, సేవ్ అయ్యాక ముద్రించవచ్చు" అని. మాయమైతే మనిషి తన జ్ఞాపకాన్నే అనుమానిస్తాడు. మనం దించుదామనుకున్న బరువును మనమే పెంచినట్టు.

వరుస గురించి గట్టిగా చెప్పాలి. ఇటీవల వాడినవి పైకి తేవడం మంచిదే, కానీ హద్దు ఉండాలి. పోపుల డబ్బాలో ఆవాలు ఏ గిన్నెలో ఉంటాయో వంటింట్లో చెయ్యికి తెలుసు. రోజూ ఎవరో తెలివిగా గిన్నెలు మార్చిపెడితే ఆ చెయ్యి ఆగిపోతుంది. ఒకే మాట కొడితే ఎప్పుడూ అదే ఫలితం మొదట రావాలి. పెట్టె ఖాళీగా తెరిచినప్పుడు మాత్రం ఇటీవలివి నాలుగైదు చూపించు, అవి ఇటీవలివని పైన రాయి. సర్వరు నుంచి ఆలస్యంగా వచ్చే ఫలితాలను, అంటే వస్తువుల పేర్లు, ఖాతాల పేర్లు లాంటివాటిని, అడుగున చేర్చు. మనిషి ఎంటర్ నొక్కబోయే క్షణాన వరుస జారి వేరే ఆదేశం వేలి కిందికి రావడం కన్నా పెద్ద నమ్మకద్రోహం ఈ మెనూల్లో లేదు.

ప్రమాదకరమైన పనులకు ప్రత్యేక జాగ్రత్త కావాలి. మన భాషలో క్రియ చివర వస్తుంది కదా. "బిల్లు ముద్రించు", "బిల్లు మార్చు", "బిల్లు రద్దు చెయ్యి" అన్నీ ఒకేచోట మొదలవుతాయి. బిల్లు అని కొడితే దానికి సంబంధించినవన్నీ ఒకచోట చేరడం మనకు వరం. కానీ ముద్రణకూ రద్దుకూ మధ్య ఒక్క బాణం మీట దూరమే ఉంటుంది. అందుకని రద్దు, తొలగింపు లాంటివి ఎప్పుడూ ఆ గుంపు అడుగున ఉండాలి, సగం మాటకే మొదటి ఫలితంగా రాకూడదు. "నిజంగానా?" అని ప్రతిసారీ అడగడం వల్ల పెద్దగా రక్షణ లేదు, వేళ్లు అవును కొట్టడం కూడా నేర్చేసుకుంటాయి. జరిగినదాన్ని వెనక్కి తీసుకునే దారి ఇవ్వడమే అసలైన రక్షణ. పేర్లలో "పంపు" అని ఒకచోట, "పంపండి" అని ఒకచోట, "పంపించుట" అని ఇంకోచోట రాయకు. ఏదో ఒక రూపం ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడు.

ఇక తెలుగులో వెతకడం. ఈ భాగాన్ని మీ ఆఫీసులో నువ్వు చూడకపోతే ఎవరూ చూడరు, కాబట్టి శ్రద్ధగా విను. క్ష అన్నది మన కంటికి ఒక అక్షరం. యూనికోడ్‌లో అది క, పొల్లు, ష అని మూడు. వెతికిన అక్షరాలకు రంగు వేద్దామని క ఒక్కదాన్నే వేరే ముక్కగా చుడితే, మిగిలిన పొల్లు, ష చుక్కల వలయంతో విరిగి కనిపిస్తాయి. అక్షరాన్ని అక్షరంగా విడదీసే పనికి జావాస్క్రిప్ట్‌లో ఇంట్ల్ సెగ్మెంటర్ ఉంది. అయితే తెలుగు ఒత్తుల జంటలను విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో 15.1 కూర్పుతోనే వచ్చింది. పాత బ్రౌజర్లలో క్ష ఇంకా రెండు ముక్కలవుతుంది. నువ్వే ఒక పరీక్ష రాసుకుని చూసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ అన్న మాట చూడు. ట్ కింద వ చేరకుండా కొందరు మధ్యలో కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతారు, కొందరు పెట్టరు. కంటికి తేడా కొంచెమే, కంప్యూటరుకు రెండూ వేర్వేరు మాటలు. పోల్చే ముందు రెండువైపులా దాన్ని తీసేయి. పేజీ, పేజి, ఫైల్, ఫైలు, చెయ్యి, చేయి ఇవన్నీ ఒకటిగా పలకాలి. చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, ఒకే మాటకు రెండు మూడు స్పెల్లింగులతో. వాటినీ మారుపేర్లలో చేర్చు.

టైపింగులోనూ రెండు ఉచ్చులున్నాయి. లిప్యంతరీకరణతో తెలుగు రాసేవాళ్లు మాట పూర్తిచేయడానికి ఎంటర్ నొక్కవచ్చు. ఆ ఎంటర్ మాటను ఖాయం చేయడానికి, ఆదేశాన్ని నడపడానికి కాదు. బ్రౌజరు పంపే ఈవెంట్‌లో ఈజ్‌కంపోజింగ్ అనే గుర్తు ఉంటుంది, అది నిజమైనప్పుడు నువ్వు ఎంటర్‌ను పట్టించుకోకూడదు. రెండోది: ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో కె మీట మీద క ఉంటుంది, పి మీట మీద జ ఉంటుంది. నీ షార్ట్‌కట్ వచ్చిన అక్షరాన్నే చూస్తే, తెలుగు కీబోర్డు పెట్టుకున్నవాడికి మెనూ తెరుచుకోకపోవచ్చు. అక్షరంతో పాటు ఏ మీట కదిలిందో కూడా చూడు. తెలుగులో బిల్లు కొట్టుకునే మనిషికి మన మెనూ తలుపు మూసుకుపోవడం మనకు మర్యాద కాదు.

కళ్లు కనిపించనివాళ్లు, చెయ్యి సరిగా కదలనివాళ్లు కూడా లెక్కలు రాస్తారు. వాళ్లకు కీబోర్డు సౌకర్యం కాదు, ఆధారం. పెట్టెను ప్రామాణికమైన కాంబోబాక్స్‌గా కట్టు. అప్పుడు ఎన్ని ఫలితాలు వచ్చాయో, ఇప్పుడు దేనిమీద ఉన్నామో ఎన్‌విడిఎ లాంటి తెర చదివే సాఫ్ట్‌వేర్ చెప్పగలుగుతుంది. ఎస్కేప్ నొక్కితే పెట్టె మూసుకుని, కర్సరు సరిగ్గా మొదట ఉన్న గడిలోకే తిరిగి వెళ్లాలి. రెండంచెల ఆదేశమైతే, ఉదాహరణకు "ధర మార్చు" అన్నాక ఏ వస్తువుదని అడగాల్సి వస్తే, అదే పెట్టెలో అడుగు, బ్యాక్‌స్పేస్‌తో ఒక అంచె వెనక్కి రానివ్వు. కంట్రోల్ లేకుండా ఒంటి అక్షరంతో పనిచేసే షార్ట్‌కట్లు పెడితే, వాటిని ఆపేసే లేదా మార్చుకునే వీలు ఉండాలని 2018లో వచ్చిన డబ్ల్యుసిఎజి 2.1 చెబుతోంది. కారణం న్యాయమైనది: నోటితో కంప్యూటరు నడిపేవాళ్లు ఒక మాట పలికితే, అందులోని ప్రతి అక్షరమూ ఒక ఆదేశమై ఏమేమో జరిగిపోతుంది.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. కంట్రోల్ షిఫ్ట్ పి ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవేటు కిటికీ తెరుస్తుంది. మీది బ్రౌజరులో నడిచే సాఫ్ట్‌వేర్ కనుక అది వద్దు. కంట్రోల్ కె రాత పనుల్లో లింకు పెట్టడానికి వాడుకలో ఉంది, కానీ మీ బిల్లులో ఎవరూ లింకులు పెట్టరు. స్లాక్ మొదలుకొని అనేక సాఫ్ట్‌వేర్లు దాన్ని వెతుకు పెట్టెకు వాడటంతో ఎందరికో అలవాటైంది. కాబట్టి కంట్రోల్ కె పెట్టు, మార్చుకునే వీలూ ఇవ్వు. దానికన్నా ముఖ్యంగా, తెర పైన ఎప్పుడూ కనిపించే ఒక పెట్టె ఉంచి దాని పక్కన ఆ మీటల పేరు రాయి. మీట తెలియనివాడు దాన్ని నొక్కి వస్తాడు, నాలుగుసార్లు వచ్చాక చూసి నేర్చుకుంటాడు. ఫోనులో వాడేవాడికి ఆ పెట్టే దిక్కు.

మొదటి రోజే అన్ని ఆదేశాలూ అందులో పొయ్యకు. రోజూ చేసే పనులతో మొదలుపెట్టు. సగం ఆదేశాలే ఉండి తక్కినవి లేకపోతే కూడా నమ్మకం పోతుంది కనుక, ఏ విభాగం తీసుకున్నా దాన్ని సాంతం పూర్తిచేసి మరోదానికి వెళ్లు. విడుదలకు ముందు మీ ఆఫీసు స్నేహితులకు చూపించి సంతృప్తి పడకు, వాళ్లకు మీ మాటలన్నీ ముందే తెలుసు. సాయంత్రం రద్దీలో ఒక కొట్టుకి వెళ్లి గుమస్తా పక్కన కూర్చో. "ఇక్కడ నొక్కండి" అని చెప్పకు. ఆయన ఏ మాట కొడుతున్నాడో చూడు, ఎక్కడ ఆగుతున్నాడో చూడు. ఆయన ఆగిన ప్రతిచోటా మీ మెనూ గుర్తుపెట్టుకోవాల్సింది ఆయన మోస్తున్నాడని అర్థం.

నీకు చెయ్యి తిరిగిన పనితనం ఉంది, తల్లీ. దాన్ని వాడేవాళ్ల మతిమరుపును తప్పుగా చూడని సాఫ్ట్‌వేర్ కట్టడానికి వినియోగించు. మనిషి మరిచిపోవచ్చు, మెనూ మరిచిపోకూడదు. మీ గుమస్తాలు ఏ షార్ట్‌కట్టూ కాగితం మీద రాసి తెరకు అంటించుకోనక్కర్లేకుండా పని చేసుకోగలిగిన రోజున నీ మెనూ పూర్తయినట్టు. అంతవరకూ పని మిగిలే ఉందనుకుని, ఓపికగా చెయ్యి.